నాలుగింటి తీపికి విరుగుడు పదకొండింటికే

"అక్కా, తీపి ఎట్లా మానేశావు?" అని అంగడికి వచ్చేవాళ్లు అడుగుతుంటారు. మానలేదమ్మా, మానడం నా వల్ల కాలేదు. తీపి మీద యావ ఎక్కడ పుడుతోందో కనుక్కుని, అక్కడ పట్టుకున్నాను. అడిగినవాళ్లకల్లా ముక్కలు ముక్కలుగా చెప్తున్నది ఈసారి ఒకచోట రాసి పెడుతున్నాను.

తిరుపతి కొర్లగుంటలో నాది జాకెట్లు కుట్టే అంగడి. వయసు 46. పొద్దున 9కి మిషన్ ముందు కూర్చుంటే అన్నానికి లేస్తాను, మళ్లీ రాత్రి 8 దాకా అక్కడే. మా ఆయన కొండకు జీపు నడుపుతాడు. చుట్టాల్లో ఎవరు దర్శనానికి వచ్చినా మా ఇంట్లోనే దిగుతారు. కొండ దిగి లడ్ల కవర్లతో వస్తారు, ఊరికి తీసుకుపోయేవి పోగా మాకు రెండో మూడో పెట్టి పోతారు. మా వంటింట్లో లడ్డు లేని వారం అరుదు. తిరుపతిలో చాలా ఇళ్ల సంగతి ఇంతే.

రెండేళ్ల కింద హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకుంటే 6.2 వచ్చింది. మూడు నెలల సగటు చక్కెరను చూపించే పరీక్ష అది. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగరు వాకిట్లో నిలబడ్డట్టు, 6.5కి చేరితే ఇంట్లోకి వచ్చేసినట్టు అని డాక్టరమ్మ చెప్పింది. మా అమ్మకు షుగరు ఉంది. ఆమె కాలి పుండుకు కట్టు మార్చిన చేతులు నావి. భయపడి ఆ సాయంత్రమే దేవుడి పటం ముందు నిలబడి, ఇక తీపి ముట్టనని మొక్కుకున్నాను. తొమ్మిది రోజులు ఉన్నాను. పదో రోజు రాత్రి పదకొండు దాటాక వంటింట్లో లైటు కూడా వెయ్యకుండా, నిలబడి లడ్డున్నర తిన్నాను. తిన్నాక ఏడుపొచ్చింది. మనసు గట్టిగా లేకపోవడం వల్లే ఇట్లా అయిందని చాలా రోజులు అనుకున్నాను. అది తప్పు. మీరూ అట్లా అనుకుంటుంటే ముందు ఆ మాట వదిలేయండి.

ముందు వారం రోజులు రాసుకోండి

మొదటి వారం ఏమీ మానొద్దు. తినేది తింటూనే రాసుకోండి. నేను కొలతల పుస్తకం వెనక పేజీలో నాలుగు గళ్లు గీసుకున్నాను. టైమెంత, ఏం తినాలనిపించింది, అంతకుముందు ఎప్పుడు ఏం తిన్నాను, అప్పుడు చేతిలో ఉన్న పనేంటి. ఆ పేజీ ఇంకా ఉంది. అందులో కొంత ఇక్కడ రాస్తాను.

సోమవారం, సాయంత్రం 4:10. లడ్డు. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం రెండున్నరకు చారన్నం. చీరకు ఫాల్ కుడుతున్నా.

మంగళవారం, 11:20. టీలోకి క్రీము బిస్కెట్లు. పొద్దున ఏమీ తినలేదు. సాయంత్రం 4:30కి మళ్లీ, మైసూర్‌పాక్.

బుధవారం, ఏమీ లేదు. పొద్దున సంగటి, ఆకుకూర పప్పు. మధ్యాహ్నం అన్నం, కోడిగుడ్డు కూర.

గురువారం, రాత్రి 11:30. ఏదైనా సరే, తియ్యగా ఉంటే చాలు. పెళ్లి జాకెట్లు. ముందు రాత్రి నిద్ర నాలుగు గంటలే.

వారం అయ్యాక పేజీ తిరగేస్తుంటే బుధవారం దగ్గర నా వేలు ఆగిపోయింది. ఆ రోజు కూడా డబ్బాలో లడ్డు ఉంది, అదే మిషన్, అదే పని. నోరు మాత్రం అడగలేదు. ఆ తర్వాత శుక్రవారం, శనివారం పొద్దున కావాలనే పప్పుతో తిని చూశాను. నాలుగింటికి యావ రాలేదు, వచ్చినా పిలిచి వెళ్లిపోయినట్టుంది. అప్పుడు నాకు అర్థమైంది. నాలుగింటికి డబ్బా ముందు నిలబడి మనసుతో కొట్లాడటం ఆలస్యమైపోయిన పని. ఆ కొట్లాట పొద్దున పళ్లెం దగ్గర, పదకొండింటి టీ దగ్గర తేలిపోతుంది.

మీ పేజీలో వేరే టైము పడొచ్చు. మా ఆయనకు మూడో ట్రిప్పు దిగాక పడింది. ఎవరి పేజీ వాళ్లదే, నాది చూసి కాపీ కొట్టొద్దు.

పొద్దున పళ్లెం, పదకొండింటి గుప్పెడు

ఉప్మా, ఉత్త ఇడ్లీ, చారన్నం లాంటివి తొందరగా అరుగుతాయి. రక్తంలో చక్కెర గబగబా పెరుగుతుంది, దాన్ని దించడానికి ఇన్సులిన్ వస్తుంది. కొందరికి రెండు మూడు గంటల తర్వాత చక్కెర మొదట ఉన్నదానికన్నా కిందికి జారుతుంది. ఆకలి ముందే లేస్తుంది. ఆ ఆకలి అన్నం అడగదు, తొందరగా ఎక్కేదాన్ని అడుగుతుంది. పప్పు, గుడ్డు, గింజలు, ఆకుకూర పళ్లెంలో ఉంటే అరుగుదల నెమ్మదిస్తుంది, సాయంత్రం దాకా నిలుస్తుంది.

నేను ఇడ్లీ మానలేదు. నాలుగు ఇడ్లీల బదులు రెండు ఇడ్లీ, ఒక ఉడకబెట్టిన గుడ్డు. గుడ్డు తినని రోజు అరకప్పు పెసల గుగ్గిళ్లు. దోసె అయితే పక్కన శెనక్కాయల చట్నీ ధారాళంగా. వారంలో మూడు రోజులు సంగటి.

సంగటి గురించి ఒక మాట. రాగి తింటే చాలు అన్నీ సర్దుకుంటాయని అనుకునేవాళ్లు ఎక్కువ. నేను మొదట రాగిజావలో బెల్లం కలుపుకుని తాగాను. పదకొండున్నరకల్లా మళ్లీ ఆకలి. పిండి పలుచగా ఉడికితే అదీ తొందరగానే అరుగుతుంది, పైగా అందులో బెల్లం. గట్టి ముద్ద, పక్కన పప్పో, పులగూరో, కోడికూరో ఉన్నప్పుడే నాకు పనిచేసింది.

చలికాలంలో మన చిత్తూరు వైపు ఇంతకన్నా మంచిది ఇంకోటి లేదు: పితికిపప్పు. అనపకాయలు (చిక్కుడు జాతివి, సొరకాయ కాదు) వలిచి గింజలు పొద్దున నీళ్లలో నానబోస్తే రాత్రికి ఉబ్బుతాయి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే తొక్క చేతిలో ఉండిపోయి, పచ్చటి పప్పు గిన్నెలోకి ఎగిరి పడుతుంది. కిలో గింజలు పితకడానికి నాకూ అమ్మకూ గంటన్నర పట్టింది. వేళ్ల కొసలు నాని ముడతలు పడతాయి, గోళ్లలో ఆకుపచ్చ దిగుతుంది. ఆ కూరా సంగటీ తిన్న రోజు సాయంత్రం ఆరు దాకా నాకు ఇంకేదీ గుర్తు రాదు. ఇంకో మేలు కూడా ఉంది. రాత్రి పూట టీవీ ముందు కూర్చుని ఏదో ఒకటి నములుతూ గడిపే గంటన్నర ఈ గింజలతో గడిచిపోతుంది. పప్పు మీద తడి చేతులున్నప్పుడు లడ్డు డబ్బా మూత తియ్యబుద్ధి కాదు.

పదకొండింటికి టీతో బిస్కెట్లు తీసేసి ఒక గుప్పెడు వేయించిన శెనక్కాయలో, ఉడకబెట్టినవో పెట్టుకున్నాను. గుప్పెడంటే గుప్పెడే, మూసిన చేతిలో పట్టినన్ని. ఎండాకాలం ఒక గ్లాసు నీళ్ల మజ్జిగ కూడా. దప్పికను ఆకలి అనుకుని తినేసే రోజులు తిరుపతి మే నెల ఎండల్లో చాలానే ఉంటాయి.

టీ లెక్క వేసి చూడండి

నన్ను ఎక్కువ కలవరపెట్టింది లడ్డు కాదు, టీ. రోజుకు అయిదు గ్లాసులు తాగేదాన్ని. ఒక్కోదాంట్లో రెండున్నర చెంచాలు. చెంచా చక్కెర దాదాపు 4 గ్రాములు. మొత్తం 50 గ్రాములు. విడిగా కలుపుకునే చక్కెర, బెల్లం, తేనె, పళ్లరసాల్లోని తీపి అన్నీ కలిపి రోజు తిండిలో వచ్చే శక్తిలో పదో వంతు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. 2,000 కేలరీలు తినే మనిషికి అది 50 గ్రాములు. అందులో సగానికి, అంటే 25కి తగ్గిస్తే ఇంకా మంచిదంది. నేను తీపి అనే పేరున్న పదార్థం ముట్టకముందే టీతోనే ఆ గీత దగ్గర నిలబడుతున్నాను.

టీ ఒక్కసారిగా చక్కెర లేకుండా తాగడానికి ప్రయత్నించొద్దు. పది రోజులకు అరచెంచా తగ్గించండి. రెండున్నర, రెండు, ఒకటిన్నర, ఒకటి, అర. నలభై రోజుల పని. ప్రతి మెట్టు దగ్గర మొదటి రెండు రోజులు చప్పగా ఉంటుంది, మూడో రోజుకు నాలుక సర్దుకుంటుంది. చెంచాను తలగొట్టి కొలవండి, కుప్పగా తీస్తే లెక్క తప్పుతుంది. బయటి టీతోనే చిక్కు. బండి మీద టీ చక్కెరతో కలిపే మరుగుతుంటుంది, తగ్గించమంటే తగ్గేది కాదు. మా వీధి చివర టీ కాసే అబ్బాయికి చెప్పి, చక్కెర వెయ్యకముందే నాకు ఒక గ్లాసు తీసి పక్కన పెట్టించుకుంటున్నాను. రోజూ వచ్చేవాళ్లు అడిగితే ఎవరైనా చేస్తారు. రెండు నెలల తర్వాత పొరపాటున వేరేవాళ్ల గ్లాసు తాగితే పాయసం తాగినట్టుంది. నాలుక మారుతుంది, నమ్మండి.

చక్కెర బదులు వేసుకునే తీపి మాత్రలు నేను వాడలేదు. బరువు తగ్గడానికి అవి వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సలహా ఇచ్చింది. షుగరు వచ్చేసినవాళ్ల సంగతి వేరు, వాళ్లు డాక్టర్ని అడగాలి. నా మటుకు నాకు తీపి రుచి అలవాటే తగ్గాలి.

బెల్లం గురించి, బెల్లం ఇంట్లో పుట్టినదానిగా

"బెల్లం టీ అయితే ఏం కాదంట కదక్కా" అంటారు. మాది పాకాల దగ్గర పల్లె. మా నాయన చెరుకు పెట్టేవాడు, గానుగ ఆడించేవాడు. సుమారు పది కిలోల చెరుకు ఆడితే కిలో బెల్లం. పెనంలో రసం మరిగి, మడ్డి తీసేసి, పాకం ముదిరి రంగు తిరిగేటప్పుడు వచ్చే వాసన ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది. చెరుకు ఆకు మీద వేడి పాకం వేసి ఇచ్చేవాడు, ఊదుకుంటూ నాకేదాన్ని. బెల్లం మీద నాకున్నంత ప్రేమ తక్కువమందికి ఉంటుంది. అయినా చెప్తున్నాను. అందులో కాస్త ఇనుము, కొన్ని ఖనిజాలు ఉన్న మాట నిజమే, కానీ తూకంలో చాలా భాగం చక్కెరే. రక్తంలోకి వెళ్లాక మీ ఒంటికి అది గానుగ దగ్గర పుట్టిందో ఫ్యాక్టరీలో పుట్టిందో తెలీదు. చెంచాల లెక్కలో బెల్లాన్నీ తేనెనీ కలపండి.

సీసాల్లో అమ్మే మామిడి డ్రింకులదీ ఇదే కథ. చిత్తూరు తోతాపురి గుజ్జు దేశమంతా పోతుంది కాబట్టి మనకు వాటి మీద ఒక అభిమానం. సీసా వెనక ‘యాడెడ్ షుగర్స్’ అనే వరస చూడండి. 100 మిల్లీలీటర్లకు 12 గ్రాములని ఉంటే 600 సీసాకు 72 గ్రాములు. మామిడి కావాలంటే పండే తినండి, బేనిషా (బంగినపల్లి) అయితే సగం చాలు, అదీ కోసుకుని నమిలి. పీచు ఉంటుంది, కడుపు నిండుతుంది.

లడ్డు వచ్చిన రోజు

ప్రసాదం వద్దనడం నాకు చేతకాలేదు. వద్దనమని మిమ్మల్నీ అడగను. లెక్క మాత్రం తెలుసుకోండి. తిరుమల లడ్డుకు దిట్టం అని ఉంటుంది, ఏ సరుకు ఎంత పడాలో దాని ప్రకారమే. 5,100 లడ్లకు 180 కిలోల శనగపిండి, 165 కిలోల ఆవునెయ్యి, 400 కిలోల చక్కెర, 30 కిలోల జీడిపప్పు, 16 కిలోల ఎండుద్రాక్ష, 8 కిలోల కలకండ, 4 కిలోల యాలకులు. చక్కెరను లడ్లకు పంచి చూస్తే ఒక్కో లడ్డుకు 78 గ్రాములు. చెంచాల్లో దగ్గర దగ్గర ఇరవై. ఒక మనిషికి రోజంతటికీ చెప్పిన గీతకు ఒకటిన్నర రెట్లు ఒక్క లడ్డులోనే ఉంది. అది ఒక్కరు కూర్చుని తినేయాల్సింది కాదు, పదిమందికి పంచాల్సిన ప్రసాదం.

ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి ఇది. కవరు ఇంట్లోకి వచ్చిన పూటే, మూట విప్పకముందే లెక్క. ఇంటికి ఒక్కటి, మిగతావి చుట్టుపక్కల ఇళ్లకు, అంగడికి వచ్చేవాళ్లకు. ఇంటి లడ్డును చాకుతో ఎనిమిది ముక్కలు చేస్తాను. గట్టిపడ్డ లడ్డు అయితే పళ్లెంలో పెట్టి అరచేత్తో నొక్కితే పగుళ్లు తీస్తుంది, ఆ పగుళ్ల వెంబడి విడదీయాలి. ఒక్కో ముక్కలో పది గ్రాముల చక్కెర. ఒక పూటకు ఒక ముక్క, అదీ అన్నం తిన్నాకే. ఖాళీ కడుపున తింటే రెండో ముక్క అడుగుతుంది, అన్నం మీద అడగదు.

కూర్చుని తినండి. నేను ముక్కను కళ్లకద్దుకుని, ముందు అంచున ఉన్న కలకండ పలుకు ఏరి నోట్లో వేసుకుంటాను. తర్వాత జీడిపప్పు. తర్వాత బూందీ, కొంచెం కొంచెంగా. నెయ్యి నాలుక మీద కరిగాక యాలకుల వాసన చివర్లో వస్తుంది. అంతకుముందు రెండు లడ్లు మింగినప్పుడు ఆ వాసన నాకు ఎప్పుడూ తెలియలేదు.

తిన్నాక పావుగంట నడక. మేము గోవిందరాజస్వామి గుడి వైపు వెళ్లి వస్తాం. తిన్న వెంటనే నడిస్తే చక్కెర పెరుగుదల తగ్గుతుంది.

అయినా యావ వస్తే

ఎంత జాగ్రత్త పడినా ఒక్కో రోజు వస్తుంది. అప్పుడు ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఇప్పుడు ఎదురుగా సంగటి, పప్పు పెడితే తింటానా? తింటాననిపిస్తే అది ఆకలి. తీపి కాదు, తిండి తినండి. సంగటి వద్దు, లడ్డే కావాలంటే అది యావ. యావ అల లాంటిది, లేచి కాసేపటికి పడిపోతుంది. ఆ కాసేపు గడపడానికి చేతికి పని కావాలి.

నా పని హుక్కులు. ఒక జాకెట్టుకు ఆరు హుక్కులు, ఒక్కోదానికి రెండు మూడు నిమిషాలు. ఎడమ చేత్తో అంచు పట్టుకుని, సూదిని కన్నంలోంచి తీసి, మూడు చుట్లు వేసి ముడి. ఆ పనిలో కన్నూ చెయ్యీ రెండూ బిగుసుకుంటాయి, నోటికి వెళ్లే చెయ్యి ఖాళీగా ఉండదు. అందుకే హుక్కులు కుట్టాల్సిన జాకెట్లను నేను సాయంత్రం నాలుగింటి కోసమే పక్కన పెట్టుకుంటాను. ఆరో హుక్కు అయ్యేసరికి పదిరోజుల్లో ఏడు రోజులు యావ పోయి ఉంటుంది. పోని రోజు ఎనిమిదో వంతు ముక్క తింటాను, బాధపడను. మీ చేతికి పూలు కట్టడమో, కూర తరగడమో, బైకు తుడవడమో, ఏది కుదిరితే అది. ఫోన్ మాత్రం వద్దు, దాంట్లో తిండి వీడియోలే వస్తాయి.

పుల్లటిదీ కారంగా ఉండేదీ నోటిని మళ్లిస్తాయి. కాయలొచ్చే కాలంలో పచ్చి తోతాపురి రెండు చీలికలు, కాస్త కారం, చిటికెడు ఉప్పు. బీపీ ఉన్నవాళ్లు ఉప్పు మానండి.

ఇంకొకటి ఉంది, పొడపత్రి. చిన్నప్పుడు మా పెదనాన్న చేని కంచెకు పాకిన తీగ నుంచి రెండు ఆకులు కోసి నమలమన్నాడు. చేదుగా, వగరుగా ఉన్నాయి. నమిలి ఊశాక చేతిలో బెల్లం ముక్క పెట్టాడు. నోట్లో వేసుకుంటే మట్టిబెడ్డ. తీపి అసలు లేదు. బెల్లం గానుగ పిల్లని, భయంతో ఏడ్చేశాను. అరగంటకో ముప్పావుగంటకో తీపి మళ్లీ తిరిగొచ్చింది. ఆ ఆకులో ఉండే జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపిని పట్టే చోట్లను కాసేపు మూసేస్తాయి. ఇప్పుడు అంగడి మెట్ల దగ్గర కుండీలో ఆ తీగ పెంచుతున్నాను. పెళ్లిళ్ల సీజన్లో మరీ కష్టంగా ఉన్న రోజు ఒక ఆకు నములుతాను. ఒకసారి నమిలాక లడ్డు ముక్క తిని చూశాను. నెయ్యి తెలిసింది, యాలకులు తెలిశాయి, బూందీ మాత్రం నానిన పిండిలా ఉంది. తీపి పోతే అందులో నేను వెతికేది ఇక ఏమీ మిగల్లేదు. ఆకును ఎరిగినవాళ్లు చూపిస్తేనే కోయండి, తీగలన్నీ ఒకేలా ఉంటాయి. షుగరు మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టర్ని అడక్కుండా ముట్టొద్దు, ఇది చక్కెరను ఇంకా దించొచ్చు.

నిద్ర, నెలసరి, చుట్టాలు

ముహూర్తాల రోజుల్లో రాత్రి ఒంటిగంట దాకా కుడతాను. మర్నాడంతా నోరు తీపి అడుగుతూనే ఉంటుంది. నిద్ర తక్కువైతే ఆకలి పుట్టించే హార్మోన్ పెరుగుతుంది, కడుపు నిండిందని చెప్పేది తగ్గుతుంది. అప్పుడు తిండిని సరిచేసి లాభం లేదు, నిద్రే పోవాలి. గిరాకీ పోతుందని టెన్షన్ పడ్డాను కానీ, నిరుడు నుంచి రాత్రి పదిన్నర తర్వాత మిషన్ ఆపేస్తున్నాను. గిరాకీ పోలేదు.

నెలసరికి నాలుగైదు రోజుల ముందు తీపి మీదికి మనసు లాగడం చాలామంది ఆడవాళ్లకు ఉంటుంది. అది బలహీనత కాదు. ఆ తేదీలు క్యాలెండర్ మీద చుట్టి, ఆ రోజులకు ఖర్జూరాలు రెండు, శెనక్కాయలు గుప్పెడు ముందే పొట్లం కట్టుకోండి.

పండక్కి ఓళిగలు, కజ్జికాయలు మానం. పిండి సగం కలుపుతాం. చుట్టాలింట్లో "ఒక్కటి తినకపోతే ఎట్లా" అంటే, "మా ఆయనకిష్టం, కట్టివ్వు వదినా" అంటాను. ఇంటికొచ్చాక అది ఎనిమిది ముక్కల లెక్కలోకి వెళ్తుంది.

నాలుగు నెలల తర్వాత పరీక్షలో 5.8 వచ్చింది. ఈ మధ్య చూపించుకుంటే 5.7.

ఇది చదివి పొరపాటు చెయ్యొద్దు

ఇది మా అమ్మ గురించి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, గ్లిమెపిరైడ్ లాంటి షుగరు మాత్రలు వేసుకునేవాళ్లు ఉన్న ఇళ్లకు మరీ ముఖ్యం.

నేను తీపి తగ్గించిన కొత్తలో ఒక రోజు అమ్మ మాత్ర వేసుకుని, పూజ అయ్యాక తింటానని అన్నం మానేసింది. పన్నెండింటికి "బెల్లం ముక్క ఉంటే పెట్టవే" అంది. ముఖం నిండా చెమటలు. విసుగ్గా మాట్లాడుతోంది, చేతులు వణుకుతున్నాయి. నేను యావ అనుకున్నాను. "వద్దమ్మా, ఓర్చుకో, అదే పోతుంది" అన్నాను. పక్కింటి వదిన వచ్చి చూసి, ఒక్క మాట కూడా అనకుండా చక్కెర నీళ్లు కలిపి తాగించింది. అమ్మ తేరుకునేదాకా నా కాళ్లు వణుకుతూనే ఉన్నాయి.

అది యావ కాదు, రక్తంలో చక్కెర పడిపోవడం. మీటరుంటే 70 కన్నా తక్కువ చూపిస్తుంది. చెమట, వణుకు, గుండె దడ, తికమక, ఉన్నట్టుండి కోపం, ఇవి కనిపిస్తే వాదించొద్దు. మూడు నాలుగు టీ చెంచాల చక్కెరో, గ్లూకోజ్ పొడో (దాదాపు 15 గ్రాములు) నీళ్లలో కలిపి తాగించండి. పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ చూడండి, తగ్గకపోతే ఇంకోసారి ఇవ్వండి. కుదుటపడ్డాక అన్నం పెట్టండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యొద్దు, 108కి ఫోన్ చెయ్యండి. మాటిమాటికీ ఇట్లా అవుతుంటే మాత్ర మోతాదు గురించి డాక్టర్ని అడగండి.

ఇప్పుడు అమ్మ చేతిసంచిలో గ్లూకోజ్ ప్యాకెట్ ఒకటి, అంగడిలో మిషన్ సొరుగులో బాబిన్ల పక్కన ఇంకొకటి ఉంటాయి. నెలకొకసారి రెండూ తీసి చూస్తాను, తడి తగిలి గడ్డకట్టిందేమోనని.